ఎక్స్‌టెన్షన్ వేసినా పన్ను ఏప్రిల్ 15కే కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మాట తిరుగుతూ ఉంటుంది: ‘ఫారం 4868 వేసేస్తే అక్టోబరు 15 దాకా నిశ్చింత.’ అమెరికా పన్ను రిటర్నుకు గడువు పెంపు, అంటే ఎక్స్‌టెన్షన్, కోరే ఫారం అది. పత్రికల ప్రవాస పేజీల్లో వచ్చే చిన్న వార్తల్లోనూ గడువు ఆరు నెలలు పెరుగుతుందని రాస్తారు గానీ దేని గడువు పెరుగుతుందో రాయరు. పెరిగేది రిటర్ను దాఖలు చేసే గడువు. 2025 ఆదాయంపై ఇంకా కట్టాల్సిన పన్ను ఉంటే అది 2026 ఏప్రిల్ 15 నాటికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు చేరాల్సిందే. ఈ ఒక్క ముక్క వదిలేయడం వల్ల ఎంతోమంది నవంబరులో నోటీసు అందుకుని ‘ఎక్స్‌టెన్షన్ వేశాం కదా, మళ్లీ పెనాల్టీ ఏమిటి’ అని అడుగుతుంటారు. ఈసారి గడువు రాకముందే పాఠకులకు ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐఆర్‌ఎస్ దగ్గర రెండు వేర్వేరు పెనాల్టీలున్నాయి. రిటర్ను ఆలస్యమైనందుకు ఒకటి, డబ్బు ఆలస్యమైనందుకు ఇంకొకటి. మొదటిది బాకీ పన్నుపై నెలకు 5 శాతం, గరిష్ఠంగా 25 శాతం. రెండోది నెలకు అర శాతం, దానికీ పైపరిమితి 25 శాతమే. కొత్త నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్కగడతారు. రెండూ ఒకే నెలలో పడితే మొదటిదాన్ని నాలుగున్నరకు తగ్గించి మొత్తం 5 శాతం దాటకుండా చూస్తారు. ఇవి కాక వడ్డీ. దాని రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తారు. 2025 సంవత్సరమంతా 7 శాతం ఉంది. పైగా రోజువారీ చక్రవడ్డీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు 6,000 డాలర్లు బాకీ ఉండి, ఫారం 4868 వేసి, ఏప్రిల్‌లో ఏమీ కట్టకుండా అక్టోబరు 15న రిటర్నుతో పాటు మొత్తం కట్టారనుకోండి. ఆరు నెలలకు 3 శాతం చొప్పున పెనాల్టీ 180 డాలర్లు, 7 శాతం లెక్కన వడ్డీ సుమారు 214. మొత్తం 400కు కాస్త తక్కువ. అదే మనిషి ఎక్స్‌టెన్షన్ కూడా వేయకుండా అదే రోజున రిటర్ను వేస్తే పెనాల్టీలే 1,530 డాలర్లు. వడ్డీ అదనం, ఆలస్యపు రిటర్ను పెనాల్టీ మీద కూడా వడ్డీ పడుతుంది. అంటే ఫారం 4868 ఆపేది పెద్ద పెనాల్టీని. చిన్న పెనాల్టీ, వడ్డీ రెండూ ఏప్రిల్ 16 నుంచే మొదలవుతాయి. కట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్లు కూడా ఎక్స్‌టెన్షన్ తప్పక వేయాలని చెప్పేది ఇందుకే. డబ్బు లేదని రిటర్నూ వేయక, ఎక్స్‌టెన్షనూ వేయక ఊరుకుంటే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. రిటర్ను 60 రోజులకు మించి ఆలస్యమైతే ఇంకో కనీస పెనాల్టీ కూడా ఉంది. 2026లో వేయాల్సిన రిటర్నులకు అది 525 డాలర్లు లేదా బాకీ మొత్తం, ఏది తక్కువైతే అది. విత్‌హోల్డింగ్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) సరిపోయి రీఫండ్ వచ్చేవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. బాకీ లేనప్పుడు శాతం దేని మీద వేస్తారు?

ఇప్పుడు ఫారం సంగతి. అర పేజీ కూడా ఉండదు. లైను 4లో ఏడాది మొత్తానికి పడే పన్ను అంచనా, లైను 5లో విత్‌హోల్డింగుతో సహా ఇప్పటిదాకా కట్టినది, లైను 6లో తేడా, లైను 7లో ఇప్పుడు కడుతున్నది రాయాలి. కారణం చెప్పనక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. లైను 7లో సున్నా రాసినా ఎక్స్‌టెన్షన్ చెల్లుతుంది. అయితే లైను 4లో అందుబాటులో ఉన్న వివరాలతో నిజాయితీగా వేసిన అంచనా ఉండాలని ఫారం సూచనల్లోనే ఉంది. ఆ అంచనా సహేతుకం కాదని ఐఆర్‌ఎస్ తేల్చితే ఎక్స్‌టెన్షన్ మొత్తం రద్దవుతుంది. అప్పుడు ఏప్రిల్ నుంచి నెలకు 5 శాతం తిరిగొస్తుంది. తక్కువ ఫీజుకు గంపగుత్తగా ఎక్స్‌టెన్షన్లు వేసే కొందరు ప్రిపేరర్లు (రిటర్నులు తయారుచేసేవాళ్లు) నాలుగు నుంచి ఏడు దాకా అన్ని లైన్లలోనూ సున్నాలు పెట్టి పంపేస్తారు. రెండు లక్షల డాలర్ల జీతం ఉన్న మనిషికి మొత్తం పన్ను సున్నా అని రాయడాన్ని అంచనా అనరు. మీ తరఫున ఎవరు వేసినా ఆ ఫారం కాపీ అడిగి లైను 4 చూసుకోండి.

ఏప్రిల్‌లో ఎంత కట్టాలన్నది ఈ వ్యవహారంలో అసలు కిటుకు. మొత్తం పన్నులో కనీసం 90 శాతం అసలు గడువుకల్లా చేరి, మిగతాది రిటర్నుతో పాటు అక్టోబరు 15లోపు కట్టేస్తే నెలకు అర శాతం చొప్పున పడే ఆ పెనాల్టీ వేయరు. వడ్డీ ఒక్కటే పడుతుంది. విత్‌హోల్డింగ్, ఏడాదిలో కట్టిన అంచనా వాయిదాలు, ఎక్స్‌టెన్షనుతో కట్టినది అన్నీ ఈ 90లోకి వస్తాయి. ఒక కుటుంబానికి 2025 మొత్తం పన్ను 40,000 డాలర్లు, డబ్ల్యూ-2ల్లో (కంపెనీలు ఇచ్చే ఏడాది జీతం, పన్ను కోత లెక్కల్లో) కోసుకున్నది 34,000 అనుకుందాం. అది 85 శాతమే. ఏప్రిల్ 15న ఇంకో 2,000 కడితే 36,000 అయి సరిగ్గా 90 శాతానికి చేరుతుంది. మిగిలిన 4,000 అక్టోబరులో కడితే అదే 7 శాతం లెక్కన వడ్డీ సుమారు 143 డాలర్లు, పెనాల్టీ సున్నా. అంచనా కదా, గీత మీద నిలబడకుండా 2,500 కట్టడం మేలు. ఎక్కువైతే రీఫండుగా వస్తుంది, లేదా వచ్చే ఏడాది లెక్కలో వేసుకోవచ్చు. అక్టోబరులో ‘మిగతాది వచ్చే నెల కడతాలే’ అని రిటర్ను ఒక్కటే వేస్తే మాత్రం ఈ మినహాయింపు పోతుంది.

ఏడాది పొడవునా తక్కువ కోసినందుకు పడే అంచనా పన్ను పెనాల్టీ, అంటే ఫారం 2210 కింద వచ్చేది, వేరే జాతి. ఏప్రిల్‌లో ఎంత కట్టినా అది మాఫీ కాదు.

అంచనా ఎక్కడ తప్పుతుందంటే మనవాళ్లలో ప్రధానంగా రెండు చోట్ల. మొదటిది ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చే షేర్లు. షేర్లు చేతికొచ్చినప్పుడు కంపెనీలు సాధారణంగా ఫ్లాట్‌గా 22 శాతమే కోస్తాయి, పది లక్షల డాలర్లు దాటిన భాగానికే 37 శాతం. 2025లో ఒంటరి ఫైలరుకు పన్ను వర్తించే ఆదాయం 1,97,300 డాలర్లు దాటితే శ్లాబు 32 శాతం. ఆ శ్లాబులో ఉన్నవాళ్లకు 60,000 డాలర్ల షేర్లు వస్తే కోసేది 13,200, పడాల్సింది 19,200. అక్కడే 6,000 బాకీ తేలింది, ఇంకా వేరే ఆదాయం ఊసే ఎత్తలేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ, పన్ను కోత కోసం కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో ‘ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి’ అన్న గడి నింపకపోతే ఇలాంటి గుంటే ఇంకోవైపు కూడా పడుతుంది. దీనికి ఎదురు తప్పు ఒకటుంది. ఆ షేర్లు అమ్మినప్పుడు బ్రోకరు ఇచ్చే 1099-బి అనే అమ్మకాల కాగితంలో కొన్న ధర తరచూ సున్నా అనో, ఖాళీగానో ఉంటుంది. డబ్ల్యూ-2లో అప్పటికే జీతంగా లెక్కేసిన విలువను కొన్న ధరగా చూపకపోతే అదే డబ్బుకు రెండుసార్లు పన్ను వేసుకున్నట్టవుతుంది. బ్రోకరు సైటులో సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ అని వేరే కాగితం ఉంటుంది, సరైన ధర అందులో ఉంటుంది.

రెండోది ఇండియా ఆదాయం. మనవాళ్లు ఎక్స్‌టెన్షనుకు వెళ్లడానికి న్యాయమైన కారణం కూడా చాలాసార్లు ఇదే. అమెరికా పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, అక్కడ ఏప్రిల్ నుంచి మార్చి. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్–మార్చికి ఉంటుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. 2025 జనవరి నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరం, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఇంకో ఆర్థిక సంవత్సరం. స్టేట్‌మెంటులో వడ్డీ పడ్డ వరుసలు ఏరి కూడుకోవడం ఒక్కటే మార్గం. జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు కోసినవాళ్లు మే నెలాఖరు దాకా దాఖలు చేయొచ్చు గనుక ఇండియాలో కోసిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ ఏప్రిల్ 15కు పూర్తిగా తేలదు. అలాగని అంచనా వేయడానికి అది తేలాల్సిన పని లేదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు చెప్తాను. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ప్రవాసుల ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. దాన్ని వదిలేసి అంచనా వేసేవాళ్లే ఎక్కువ. ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ప్రవాసుల ఖాతా) వడ్డీపై బ్యాంకులు సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తాయి, అదంతా ఇక్కడ ఫారిన్ టాక్స్ క్రెడిట్‌గా, అంటే బయటి దేశంలో కట్టిన పన్నుకు ఇచ్చే తగ్గింపుగా, వస్తుందనుకుని బాకీ లేదని తేల్చుకుంటారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికా నివాసి పొందే ఇలాంటి వడ్డీపై ఇండియా తీసుకోదగ్గది 15 శాతం. అంతకుమించి కోసినది ఇండియాలో రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాల్సిన డబ్బు. దాన్ని ఇక్కడ క్రెడిట్‌గా చూపడం కుదరదు. కాబట్టి లక్ష రూపాయల వడ్డీకి 31,200 కోసినా అంచనాలో 15,000కు మించి వేసుకోవద్దు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు అద్దెకిచ్చినవాళ్లు ఇండియా చట్టంలో ఉన్న 30 శాతం స్టాండర్డ్ డిడక్షనును ఇక్కడా వాడేస్తుంటారు. ఐఆర్‌ఎస్‌కు అది తెలియదు. ఇక్కడ నిజంగా పెట్టిన ఖర్చులు, వాటితో పాటు తరుగుదల లెక్కలోకి వస్తాయి. 2018 నుంచి అద్దెకిచ్చిన విదేశీ ఇంటికైతే కట్టడం విలువను 30 ఏళ్లకు పంచుతారు, స్థలం విలువకు తరుగుదల లేదు. ఆ లెక్కలన్నీ సెప్టెంబరులో తీరిగ్గా చేసుకోవచ్చు. ఏప్రిల్ అంచనాకు మాత్రం వచ్చిన అద్దెలోంచి ఆస్తి పన్ను, మెయింటెనెన్సు, ఇంటి రుణం వడ్డీ తీసేసి మిగిలినది ఆదాయంగా పెట్టుకుంటే సురక్షితం.

ఇక కట్టే పద్ధతి. ఐఆర్‌ఎస్ డాట్ గవ్ సైటులోని డైరెక్ట్ పే అన్నిటికన్నా తేలిక, ఫీజు లేదు. ఇందులో మొదటి తెరలోనే సగం తప్పులు జరుగుతాయి. చెల్లింపు కారణం అడిగినచోట ‘ఎక్స్‌టెన్షన్’ ఎంచుకోవాలి, ఫారం 4868, సంవత్సరం 2025. ఇలా కడితే వేరుగా ఫారం 4868 వేయనక్కరలేదు, చెల్లింపే ఎక్స్‌టెన్షను. అదే కారణం దగ్గర ‘ఎస్టిమేటెడ్ టాక్స్’ ఎంచుకుంటే డబ్బు జమవుతుంది గానీ ఎక్స్‌టెన్షన్ రాదు. పైగా సంవత్సరం 2026 పడితే ఆ డబ్బు వచ్చే ఏడాది లెక్కలోకి పోయి, 2025కు బాకీ బాకీగానే ఉంటుంది. ‘బ్యాలెన్స్ డ్యూ’ ఎంచుకున్నా ఎక్స్‌టెన్షన్ రాదు. డబ్బు కట్టాం కదా అని అక్టోబరు దాకా ధీమాగా కూర్చున్నవాళ్లకు పెద్ద పెనాల్టీ పడేది ఈ ఒక్క క్లిక్కు వల్లే.

తర్వాతి తెరలో ఐడెంటిటీ పరీక్ష. గతంలో వేసిన ఏదో ఒక ఏడాది రిటర్ను ఎంచుకుని, అందులో ఉన్న ఫైలింగ్ స్టేటస్, పేరు, పుట్టిన తేదీ, చిరునామా అప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఇవ్వాలి. ఇల్లు మారినవాళ్లు కొత్త చిరునామా కొట్టి, సైటు పనిచేయడం లేదని వదిలేస్తుంటారు. పాత రిటర్ను పీడీఎఫ్ పక్కన తెరిచి పెట్టుకుంటే రెండు నిమిషాల పని. భార్యాభర్తలు ఉమ్మడిగా వేసేటట్టయితే రిటర్నులో మొదట ఉండే వ్యక్తి సోషల్ సెక్యూరిటీ నంబరు మీదే కట్టాలి. రెండో వ్యక్తి నంబరు మీద కడితే డబ్బు వేరే ఖాతాలో కూర్చుంటుంది, దాన్ని జత చేయించడానికి నెలలు పడుతుంది. బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తేడా వచ్చినా, ఖాతాలో సరిపడా డబ్బు లేకపోయినా చెల్లింపు తిరిగొస్తుంది. 1,250 డాలర్లు, అంతకు మించిన మొత్తమైతే దానికి 2 శాతం పెనాల్టీ, ఆపైన గడువు దాటిన లెక్క. చివరి తెరలో వచ్చే కన్ఫర్మేషన్ నంబరు దాచుకుని, రెండు మూడు రోజుల తర్వాత బ్యాంకులో డబ్బు నిజంగా వెళ్లిందో లేదో చూసుకోండి. వెళ్లేదాకా పని అయినట్టు కాదు.

చెక్కే పంపేవాళ్లు ‘యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ’ పేర రాసి, చెక్కు మీద సోషల్ సెక్యూరిటీ నంబరు, ఫోను నంబరు, ‘2025 ఫారం 4868’ అని రాయాలి. చిరునామా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. డబ్బుతో పంపేదానికి ఒకటి, డబ్బు లేకుండా పంపేదానికి ఇంకొకటి. పోస్టు డబ్బాలో పడేసిన రోజు ముద్రే పడుతుందన్న భరోసా ఇప్పుడు లేదు. చివరి రోజైతే కౌంటరు దగ్గర ముద్ర వేయించుకుని సర్టిఫైడ్ మెయిల్ రసీదు తీసుకోవాలి. చెల్లింపు లేకుండా ఎక్స్‌టెన్షన్ ఒక్కటే కావాలంటే ఐఆర్‌ఎస్ ఫ్రీ ఫైల్ ద్వారా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు. ఈ-ఫైల్ తిరస్కరణకు గురైతే సరిదిద్ది మళ్లీ పంపడానికి అయిదు రోజులు ఇస్తారు. ఆ మెయిలు స్పాములో పడి ఉంటే ఆ అయిదు రోజులూ తెలియకుండానే గడిచిపోతాయి.

నిరుడు కొత్తగా వచ్చినవాళ్ల పరిస్థితి వేరు. పాత రిటర్ను లేదు కాబట్టి డైరెక్ట్ పేలో ఐడెంటిటీ పరీక్ష దాటలేరు. సాఫ్ట్‌వేర్ ద్వారా ఫారం 4868 వేస్తూ అందులోనే బ్యాంకు నుంచి తీసుకోమనొచ్చు. నిరుటి ఏజీఐ (సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) అడిగినచోట సున్నా వేయాలి. లేదా ఐఆర్‌ఎస్ అనుమతించిన ప్రాసెసర్ల దగ్గర డెబిట్ కార్డుతో కడితే రెండు డాలర్ల చిల్లర ఫీజు. క్రెడిట్ కార్డుకు 2 శాతానికి కాస్త తక్కువ పడుతుంది కాబట్టి పెద్ద మొత్తానికి వద్దు. ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు) రావాల్సిన భార్య లేదా భర్త ఉంటే ఫారంలో నంబరు ఉండాల్సినచోట ‘ఐటీఐఎన్ టు బి రిక్వెస్టెడ్’ అని రాయాలి. ఐటీఐఎన్ వచ్చేదాకా ఎక్స్‌టెన్షన్ ఆపుకోవద్దు.

అక్టోబరు 1న హెచ్-1బి మీద దిగి, ఆ ఏడాదికి రెసిడెంట్ పరీక్ష నెగ్గనివాళ్లకైతే ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి అవసరం. మొదటి ఏడాది నుంచే రెసిడెంటుగా లెక్కించమని కోరుకుని, జీవిత భాగస్వామితో ఉమ్మడి రిటర్ను వేయాలంటే ముందు తర్వాతి ఏడాదిలో 183 రోజుల పరీక్ష నెగ్గాలి, అంటే ఆ ఏడాది ఇక్కడున్న రోజులు, ముందటేడాది రోజుల్లో మూడో వంతు కలిపి 183 కావాలి. 2025 అక్టోబరు 1న వచ్చి డిసెంబరు దాకా ఇక్కడే ఉంటే 92 రోజులు, అందులో మూడో వంతు 30.67. కదలకుండా ఉంటే 2026లో 153వ రోజు, అంటే జూన్ 2న పరీక్ష నెగ్గుతారు. ఏప్రిల్ 15న ఆ హక్కు ఇంకా పుట్టలేదు. మధ్యలో ఇంటికెళ్లి మూడు వారాలు ఉండొస్తే ఆ తేదీ అన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఈ కేసులో ఎక్స్‌టెన్షనుతో కట్టాల్సిన పన్ను మాత్రం ఏడాదంతా నాన్‌రెసిడెంట్ అన్నట్టే లెక్కగట్టాలి. అంటే స్టాండర్డ్ డిడక్షన్ లేదు, ఉమ్మడి శ్లాబులు లేవు. వేసవిలో ఉమ్మడి రిటర్నులో తక్కువ పన్ను తేలితే తేడా తిరిగొస్తుంది. అయితే అలా వేసే ఉమ్మడి రిటర్నులో ఆ ఏడాది ఇండియాలో తీసుకున్న జీతం కూడా చూపాలి, ఆ మాట మర్చిపోయి రీఫండు లెక్కలు వేసుకోవద్దు.

అమెరికా బయట ఉన్నవాళ్లకు జూన్ 15 దాకా రెండు నెలలు దానంతటదే వస్తుందన్న నిబంధనను కూడా తప్పుగా వాడుతున్నారు. నివాసం, ప్రధానంగా పనిచేసే చోటు రెండూ బయట ఉన్న పౌరులకు, రెసిడెంట్లకు అది. ఉగాదికని సెలవు పెట్టి గుంటూరు వెళ్లి ఏప్రిల్ 15న అక్కడ ఉన్నంత మాత్రాన వర్తించదు. గ్రీన్‌కార్డుతోనో పౌరసత్వంతోనో హైదరాబాదులో స్థిరపడి ఉద్యోగం చేస్తున్నవాళ్లకు వర్తిస్తుంది. వాళ్లకు చెల్లింపు గడువు కూడా జూన్ 15 దాకా సాగుతుంది, వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే నడుస్తుంది. ఇంకా సమయం కావాలంటే జూన్ 15లోపు లైను 8 గడి టిక్కు పెట్టి ఫారం 4868 వేయాలి. అమెరికా బ్యాంకు ఖాతా మూసేసుకుని వచ్చేసినవాళ్లు డైరెక్ట్ పే వాడలేరు, రూపాయల చెక్కు చెల్లదు. కార్డు గానీ, బ్యాంకు ద్వారా డాలర్ల వైరు గానీ దారి. తిరిగొచ్చేవాళ్లు ఆఖరి రిటర్ను అయ్యేదాకా ఒక అమెరికా ఖాతా ఉంచుకోవడం మంచిది.

రాష్ట్రాల సంగతి చాలామంది చివర్లో తలుచుకుంటారు. టెక్సస్, ఫ్లోరిడాల్లో జీతాలపై రాష్ట్ర పన్ను లేదు, గొడవ లేదు. కాలిఫోర్నియాలో రిటర్నుకు ఆరు నెలలు ఫారం లేకుండానే ఇస్తారు, డబ్బు ఏప్రిల్ 15కే. న్యూజెర్సీలో పన్నులో 80 శాతం అసలు గడువుకల్లా కట్టి ఉంటేనే ఎక్స్‌టెన్షన్ చెల్లుతుంది, లేకపోతే వేయనట్టే. న్యూయార్క్ ఫెడరల్ ఎక్స్‌టెన్షనును లెక్కలోకి తీసుకోదు, ఐటీ-370 అనే రాష్ట్ర ఫారం వేరుగా వేయాలి. వర్జీనియా గడువు మే 1, అక్కడ అప్పటికల్లా పన్నులో 90 శాతం కట్టి ఉండాలన్నది నిబంధన. కాలిఫోర్నియా, న్యూజెర్సీలు ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వవు. ఫెడరల్‌లో ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి కొంత ఊరట ఉన్నా రాష్ట్రానికి పూర్తి పన్ను పడుతుందని అంచనాలో వేసుకోవాలి.

ఎక్స్‌టెన్షనుతో సాగనివి ఇంకొన్ని ఉన్నాయి. 2025కు సంబంధించిన ఐఆర్‌ఏ (రిటైర్మెంటు పొదుపు), హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు) జమలకు ఏప్రిల్ 15 ఆఖరు. 2026 అంచనా పన్ను మొదటి వాయిదా గడువూ ఆ రోజే. ఇండియా ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్‌కు మాత్రం అడగకుండానే అక్టోబరు 15 దాకా గడువుంది.

పూర్తిగా కట్టలేనివాళ్లు చేతిలో ఉన్నంత ఏప్రిల్‌లో కట్టాలి, ఎందుకంటే పెనాల్టీ, వడ్డీ మిగిలినదాని మీదే పడతాయి. రిటర్ను వేశాక ఐఆర్‌ఎస్ సైటులో వాయిదాల ఒప్పందం పెట్టుకోవచ్చు. లక్ష డాలర్ల లోపు బాకీని 180 రోజుల్లో తీర్చేటట్టయితే సెటప్ ఫీజు లేదు. దీర్ఘకాలిక ఒప్పందానికి 50,000 డాలర్ల లోపు బాకీ ఉన్నవాళ్లు ఆన్‌లైనులో దరఖాస్తు చేసి, బ్యాంకు నుంచి నేరుగా కోసుకోమంటే 22 డాలర్లు. రిటర్ను గడువులోపు, అంటే ఎక్స్‌టెన్షన్ గడువు కలుపుకుని, వేసినవాళ్లకు ఈ ఒప్పందం నడిచినన్ని నెలలు అర శాతం పెనాల్టీ పావు శాతానికి తగ్గుతుంది. గత మూడేళ్లూ పెనాల్టీలు లేనివాళ్లు మొదటిసారి మాఫీ కోరవచ్చు. వడ్డీకి అలాంటి మాఫీ లేదు.

చివరగా అక్టోబరు రిటర్ను సంగతి. ఏప్రిల్‌లో కట్టిన డబ్బు రిటర్నుకు జతచేసే షెడ్యూల్ 3లో లైను 10లో చూపాలి. సాఫ్ట్‌వేర్‌కు అది దానంతటది తెలియదు, మధ్యలో ప్రిపేరరు మారితే కొత్తవాళ్లకూ తెలియదు. చూపకపోతే అదే బాకీ మళ్లీ తేలి రెండోసారి కట్టేస్తారు. అందుకని డైరెక్ట్ పే కన్ఫర్మేషను, రాష్ట్రానికి కట్టిన రసీదు రెండూ డబ్ల్యూ-2తో పాటే ఒక ఫోల్డరులో పెట్టుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు అక్టోబరు 15 తర్వాత ఇంకో ఎక్స్‌టెన్షన్ లేదు.

మీ ప్రవాస పేజీలో గడువు వార్త ఏప్రిల్ 14న కాకుండా మొదటి వారంలోనే వేసి, అందులో ‘డబ్బు ఏప్రిల్ 15కే’ అన్న మాట శీర్షికలోనే పెట్టవలసిందిగా మనవి.

ఇట్లు,
అమెరికా పన్ను రిటర్నులు తయారుచేసే ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ